ఏ వేటకు ఏ కెమెరా

సంక్రాంతి మరునాడు, కనుమ రోజున, అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా పల్లకీలో నల్లమల అంచున ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి స్వామే స్వయంగా వచ్చి జనాన్ని పిలుస్తాడని నమ్మకం. చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. పాత కర్నూలు జిల్లాలో (అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వచ్చింది) ఎవరైనా నిర్భయంగా వీడియో తీసుకోగల వేట ఇదొక్కటే.

మిగతా వేటంతా నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును కొట్టినా, కౌజుపిట్టకు వల పన్నినా శిక్ష తప్పదు. 2022 సవరణలో సాధారణ నేరాలకు జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. జైలు మూడేళ్ల దాకా. పులి, బట్టమేకపిట్ట లాంటి మొదటి షెడ్యూలు జీవులైతే మూడు నుంచి ఏడేళ్లు. ఉగాది వెళ్లాక కుందేళ్ల వేటకు పోవడం రాయలసీమలో కొన్ని ఊళ్ల ఆనవాయితీ. ఆ సంబరాన్ని ఫోనులో తీసి పదిమందికి పంపే కుర్రాడు తన కేసుకు తానే సాక్ష్యం తయారుచేసి ఇస్తున్నాడు. ముఖం, గొంతు, తేదీ, సమయం అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ గుట్ట దగ్గర తీశాడో కూడా ఉంటుంది.

కెమెరా పట్టుకున్నవాళ్లు ఈ చట్టంలో తప్పక చదవాల్సిన చోటు ఒకటుంది. వేట అంటే ఏమిటో చెప్పే రెండో సెక్షన్లో చంపడం, పట్టుకోవడం, ఉచ్చు వేయడంతో పాటు తరమడం, ఎర వేయడం కూడా చేర్చారు. పక్షుల గూళ్లనూ గుడ్లనూ కదిలించడం కూడా చేర్చారు. చిరుతను కెమెరా ముందుకు రప్పించాలని మేకను కట్టేసినా, గూడు బాగా కనపడాలని చుట్టూ కొమ్మలు విరిచినా, చేతిలో తుపాకీ లేకపోయినా సరే, చట్టం దృష్టిలో అది వేటే. అభయారణ్యంలో వీడియో తీయాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. డ్రోను ఎగరేయడానికైతే మరీనూ. ఇవి తెలిసినవాళ్ల కోసమే ఈ అధ్యాయం.

దుకాణంలో అందరూ మొదట అడిగేది మెగాపిక్సెళ్ల గురించి. అది చివర అడగాల్సిన ప్రశ్న. మనం వెతుకుతున్న జీవి ఏ వేళకు తిరుగుతుంది, ఎంత దూరంలో మనిషిని ఓర్చుకుంటుంది అన్న రెండు సంగతులు తేలితే కెమెరా సగం ఎంపికైపోయినట్టే. మిగతా సగం సీమ ఎండ తేలుస్తుంది.

కెమెరాకూ తుపాకీకీ చుట్టరికం పాతదే. 1882లో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే అచ్చం తుపాకీలా భుజానికి ఆనించి గురిపెట్టే కెమెరా చేశాడు. మీట నొక్కితే లోపల గుండ్రటి ప్లేటు తిరుగుతూ సెకనుకు 12 బొమ్మలు తీసేది. ఎగిరే పక్షి రెక్క ఏ క్షణాన ఎలా వంగుతుందో ఆయన దానితోనే లెక్కకట్టాడు. మనం ఇప్పుడు వీడియో అంటున్నదానికి ముత్తాతల్లో అదొకటి. ఇక మనిషి చెయ్యి లేకుండా జంతువే తన బొమ్మ తాను తీసుకునే ఏర్పాటు అమెరికాలో జార్జ్ షైరాస్ చేశాడు. ఆయన ఒకప్పటి వేటగాడే. రాత్రిపూట జింక దారికడ్డంగా కట్టిన తీగకు తగలగానే మెగ్నీషియం పొడి భగ్గున వెలిగి బొమ్మ పడేది. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆ ఫోటోలు అచ్చువేసింది. మన దేశంలో అదే పద్ధతిని పులుల మీద ప్రయోగించినవాడు ఉత్తరాది అడవుల్లో అధికారిగా చేసిన ఎఫ్.డబ్ల్యు. చాంపియన్. 1927లో ఆయన పుస్తకం వచ్చేనాటికి పులితో ఫోటో దిగడమంటే చచ్చిన పులి మీద కాలు వేసి నిలబడడమే.

వేటకు లైసెన్సు ఇచ్చే దేశాల్లో తమ వేటను తామే తీసుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది. వాళ్లకు పెద్ద తలనొప్పి వెలుతురు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింక వేటకు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా అనుమతి. జింక బయటికి వచ్చేది సరిగ్గా ఆ చివరి నిమిషాల్లోనే. వేటగాడి కంటికి ఇంకా కనపడుతుంటుంది, కెమెరా తెర మీద మాత్రం బూడిదరంగు రవ్వలు లేస్తుంటాయి. అందుకే అక్కడి వేటగాళ్లు కెమెరా ఎంచేటప్పుడు జూమ్ కంటే ముందు మసక వెలుతురులో పనితనం చూస్తారు. ఈ ఒక్క పాఠం మనకు అప్పనంగా దొరికినట్టే. మన దగ్గరి అపురూపమైన పిట్ట ఆ గడువు కూడా దాటాకగాని కదలదు.

వెలుతురు లెక్క

మిట్టమధ్యాహ్నం కడప ఎండలో నేల మీద పడే వెలుతురు దాదాపు లక్ష లక్స్. సూర్యుడు దిక్చక్రం కిందికి ఆరు డిగ్రీలు దిగేసరికి అది మూడు నాలుగు లక్స్‌కు పడిపోతుంది. నిండు పున్నమి నడిరాత్రి పావు లక్స్ మించదు. పగటికీ పున్నమికీ తేడా నాలుగు లక్షల రెట్లు. మన కన్ను ఆ తేడాను పావుగంట, అరగంట అలవాటుతో నెట్టుకొస్తుంది. కెమెరాకు అలవాటు పడడం తెలియదు. దానికి ఉన్న దారులు మూడే: లెన్స్ నోరు పెద్దది చేయడం, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచడం, వచ్చిన బలహీన సంకేతాన్ని విద్యుత్తుతో పెంచడం. మూడోది చేస్తే సంకేతంతో పాటు రొద కూడా పెరుగుతుంది. తెర మీద ఎగిరే రవ్వలు అవే.

అట్టపెట్టె మీద 'కనీసం ఒక లక్స్' అని రాసి ఉంటే నమ్మి కొనేయకండి. ఆ అంకె షట్టర్ వేగాన్ని బాగా తగ్గించి, సంకేతాన్ని ఉన్నంతా పెంచి తీసింది కావచ్చు. కదలని పూలకుండీ ఆ బొమ్మలో కనపడుతుంది. నడిచే నక్క గీతలా సాగిపోతుంది. లెన్స్ లోపలికి వెలుతురు వచ్చే కంత వెడల్పు ఎంతో లెక్కకడితే నిజం తేలుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే చాలు. 600 మి.మీ. లెన్స్ ఎఫ్ 6.3 అయితే ఆ కంత 95 మి.మీ. చిన్న సెన్సరున్న సూపర్ జూమ్ కెమెరాలో లెన్స్ నిజంగా 200 మి.మీ., ఎఫ్ 6.5 అనుకుంటే 31 మి.మీ. కంత వెడల్పులో మూడు రెట్ల తేడా అంటే లోపలికి చేరే వెలుతురులో తొమ్మిది రెట్ల తేడా. సంధ్యవేళ పనికొచ్చేది ఏదో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

రోళ్లపాడు గడ్డిబీడు

నందికొట్కూరు వైపు రోళ్లపాడు దగ్గర గడ్డిభూమిని బట్టమేకపిట్ట కోసమే 1988లో అభయారణ్యం చేశారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బట్టమేక మీటరు ఎత్తు ఉంటుంది, మగది పది పన్నెండు కిలోలు తూగుతుంది. ఏడాదికి నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది. ప్రపంచం మొత్తంలో ఇప్పుడు నూటయాభైకి మించి లేవని అంచనా. రోళ్లపాడులో వాటిని చూడడం దాదాపు గతమే. కృష్ణజింకలు మాత్రం పెరిగి చుట్టుపక్కల శనగ చేల మీద పడుతున్నాయి. రైతుకు అవి కెమెరాకు అందిన దృశ్యం కాదు, పోయిన పంట. ఆ కోపం న్యాయమైనదే.

చెట్టూ పుట్టా లేని ఇలాంటి మైదానంలో జంతువు మనల్ని రెండు వందల మీటర్ల దూరం నుంచే కనిపెడుతుంది. ఆ దూరంలో మీటరు ఎత్తున్న పిట్ట 4కె వీడియోలో ఎంత కనపడుతుందో చూద్దాం. ఆ ఫ్రేములో నిలువునా 2160 పిక్సెళ్లు. ఫోనులోని మామూలు లెన్స్‌తో తీస్తే పిట్ట పొడవునా 14 పిక్సెళ్లు వస్తాయి. అంటే ఒక చుక్క. అది బట్టమేకా కొంగా అని ఒట్టేసి చెప్పలేం. పెద్ద సెన్సర్ కెమెరాకు 600 మి.మీ. లెన్స్ తగిలిస్తే 320 పిక్సెళ్లు. చిన్న సెన్సరున్న సూపర్ జూమ్ కెమెరాతో 620 దాకా.

ఆఖరి అంకె చూసి చవక కెమెరాయే గెలిచిందని అనిపిస్తుంది. పగటివేళ అది సగం నిజం కూడా. చిన్న సెన్సరు మీద బొమ్మలో కొంచెం భాగమే పడుతుంది కాబట్టి అంతే తెరకు అది పెద్దగా సాగుతుంది. కానీ వెలుతురు ఏ కంతలోంచి దూరినా అంచుల దగ్గర వంగుతుంది. ఎఫ్ 6.5 దగ్గర ఒక చుక్క సెన్సరు మీద తొమ్మిది మైక్రాన్ల మచ్చగా పడుతుంది. ఆ కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెడల్పు మైక్రానున్నర. ఒక చుక్క సమాచారాన్నే అయిదారు పిక్సెళ్లు అడ్డంగా పంచుకుంటున్నాయన్నమాట. 620లో నిజమైన వివరం ఎంతో మీరే లెక్కవేయండి. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను సూపర్ జూమ్ కెమెరానే కొనమంటాను. పెద్ద లెన్సుల ధరతో మన దగ్గర మంచి బండి వస్తుంది.

లెన్స్ ఏదైనా ఎండలేపే గాలి ముందు లొంగాల్సిందే. పొద్దున తొమ్మిది దాటాక వేడెక్కిన నేలపైన గాలి పొరలు పొరలుగా లేస్తుంది. వేడిగాలికీ చల్లగాలికీ వక్రీభవన గుణకం వేరు కావడంతో వాటి గుండా వచ్చిన వెలుతురు అటూ ఇటూ ఊగుతుంది. మోకాళ్ల మీద కూర్చుని నేలబారున తీసే వీడియోలో ఇది మరీ ఎక్కువ. జింక కాళ్లు నీళ్లలో నిలబడినట్టు కరుగుతుంటాయి. ఇంకా ఖరీదైన లెన్స్ కొంటే ఆ కరగడమే ఇంకా స్పష్టంగా కనపడుతుంది. మందు ఒక్కటే: సూర్యోదయానికి ముందే చేరుకోవడం, ఎనిమిదిన్నరకల్లా మూటకట్టుకోవడం.

కృష్ణజింక పరుగు గంటకు 80 కిలోమీటర్లు అందుకుంటుంది. అంటే సెకనుకు 22 మీటర్లు. షట్టర్ సెకనులో యాభయ్యో వంతు తెరిచి ఉంటే ఆ లోపల జింక 44 సెంటీమీటర్లు ముందుకు పోతుంది, బొమ్మ చెదిరిపోతుంది. వెయ్యో వంతుకు తగ్గిస్తే రెండు సెంటీమీటర్లే. కానీ అంత చిన్న షట్టరుతో తీసిన వీడియోలో పరుగు తెగితెగి కనపడుతుంది, కంటికి హాయిగా ఉండదు. సెకనుకు 50 ఫ్రేములు పెట్టి, షట్టర్ నూరో వంతు ఉంచి, జింకతో పాటే కెమెరాను తిప్పడం సాధన చేయండి. వెనక గడ్డి చెదిరినా జింక నిలుస్తుంది. ఇందుకు తల మెత్తగా తిరిగే ట్రైపాడ్ కావాలి. అది లేనివాళ్లు జీపు కిటికీ మీద శనగల సంచి వేసి దానిమీద లెన్స్ ఆనించినా పని జరుగుతుంది. శనగలు కర్నూల్లో ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

లంకమల చీకటి

ఇప్పుడు అసలు కథ. కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు మధ్య లంకమల కొండల పాదాల దగ్గర కలివి, రేగు, తుమ్మ పొదల చిట్టడవి ఉంది. అందులో తిరిగే పిట్టకు ఊళ్లలో కలివి కోడి అని పేరు. 27 సెంటీమీటర్ల పొడవు, రొమ్ము మీద రెండు అడ్డపట్టీలు, పెద్ద కళ్లు. పందొమ్మిదో శతాబ్దం నడుమ టి.సి. జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దీన్ని శాస్త్రలోకానికి చూపించాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఈ ప్రాంతంలో వెతుకుతూ స్థానికులకు పిట్ట బొమ్మ చూపించి అడిగారు. దాన్ని పట్టి ఇచ్చింది రాత్రిపూట లైటు వేసి పిట్టలు పట్టడంలో చెయ్యి తిరిగిన ఒక స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తలకు ఎనభై ఏళ్లకు పైగా తెలియనిది ఆయనకు తెలుసు. అయితే ఆ పిట్ట బతకలేదు. దాని దేహం ముంబయిలో ఆ సొసైటీ దగ్గర ఉంది. 1988లో ఇక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పిట్ట ఉన్నదో లేదో తెలుసుకోవడానికి దాన్ని పట్టుకోనక్కర్లేని పద్ధతి కావాలి. 2000 సంవత్సరం తర్వాత పి. జగన్నాథన్, రైస్ గ్రీన్, వాళ్ల సహచరులు రెండు పద్ధతులు కలిపి వాడారు. పొదల మధ్య బాటల్లో మెత్తటి మట్టిని పట్టీలా పరిచి తెల్లారాక అడుగుల గుర్తులు చూడడం ఒకటి. ఆ బాటల్లో మనిషి లేకుండా తనంతట తాను బొమ్మ తీసే కెమెరా పెట్టడం రెండోది. ఈ పరిశోధన 2002లో ఓరిక్స్ పత్రికలో వచ్చింది. మట్టిపట్టీకి ఖర్చు దాదాపు సున్నా. ఎక్కడ కెమెరా పెట్టాలో చెప్పింది మాత్రం అదే. నాకు ఈ పరిశోధనలో అన్నిటికంటే నచ్చింది ఇదే. కెమెరా మీద వేలు తగలేసేవాళ్లలో ఎంతమంది ముందు నేల చూస్తారు?

ఇలాంటి ఉచ్చు కెమెరా ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏది కొనాలో తెలుస్తుంది. దాని ముక్కు మీద ఉండే సెన్సరు కనిపించే వెలుతురును పట్టించుకోదు. 37 డిగ్రీల వేడి ఉన్న దేహం వెదజల్లే కిరణాల్లో ఎక్కువవాటి తరంగదైర్ఘ్యం తొమ్మిది మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. సెన్సరు వాటిని గ్రహిస్తుంది. దాని ముందున్న ప్లాస్టిక్ లెన్స్ ఎదుటి చోటును కిటికీ ఊచల మధ్య సందుల్లా పట్టీలుగా విడదీస్తుంది. వేడి వస్తువు ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి దాటినప్పుడే సెన్సరులో మార్పు పుట్టి కెమెరా మేలుకుంటుంది. అందుకే జంతువు కెమెరాకు ఎదురుగా నడిచివస్తే ఆలస్యంగా పసిగడుతుంది, అడ్డంగా దాటితే వెంటనే పట్టేస్తుంది. బాటకు ఎదురుగా పెట్టకండి, పక్కన పెట్టండి.

సీమలో తిరకాసు ఇక్కడే మొదలవుతుంది. సెన్సరు గుర్తించేది దేహం వేడిని కాదు, దేహానికీ వెనకున్న నేలకూ మధ్య తేడాను. డిసెంబరు రాత్రి నేల చల్లగా ఉన్నప్పుడు కుందేలు దూరం నుంచే తెలుస్తుంది. మే నెలలో పగలంతా కాగిన రాయి పొద్దుగూకాక కూడా 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. కుందేలు ఒంటిమీది బొచ్చు వేడీ అంతే. తేడా లేకపోతే కెమెరాకు ముందు ఏమీ లేనట్టే. పిట్టలతో ఇంకా కష్టం. వాటి ఈకలు వేడిని బయటికి పోనివ్వవు, పైగా ఒళ్లే చిన్నది. మరోవైపు పగలు ఎండకు కాగిన గడ్డిపోచ గాలికి ఊగితే అదే జంతువనుకుని కెమెరా వందల వీడియోలు తీసి కార్డు నింపేస్తుంది. యూరపు చలిలో పరీక్షించి 'ఇరవై మీటర్ల దాకా పసిగడుతుంది' అని రాసిన అంకెను కడపలో సగానికి తగ్గించుకుని చదవాలి. సున్నితత్వాన్ని ఎండాకాలానికి ఒకలా, చలికాలానికి ఒకలా మార్చుకునే వీలున్న కెమెరాయే కొనాలి.

మేలుకోవడానికి పట్టే సమయం రెండో సంగతి. అర సెకను తక్కువేమీ కాదు. సెకనుకు పది మీటర్లు పరుగెత్తే కుందేలు ఆ లోపల అయిదు మీటర్లు పోతుంది. 45 డిగ్రీల చూపున్న కెమెరాకు ఆరు మీటర్ల దూరంలో కనపడే వెడల్పు కూడా అయిదు మీటర్లే. ఫలితం: ఖాళీ బాట, కొద్దిగా దుమ్ము. పైగా ఫోటో కంటే వీడియో మొదలుపెట్టడానికి చాలా కెమెరాలు ఎక్కువ సమయం తీసుకుంటాయి. కొనేముందు ఫోటోకు ఎంత, వీడియోకు ఎంత అని విడివిడిగా అడగండి. ముందు ఒక ఫోటో తీసి ఆ వెంటనే వీడియో తీసేవి మేలు.

మూడోది రాత్రి దీపం. పరారుణ ఎల్‌ఈడీలు రెండు రకాలు, 850 నానోమీటర్లవి, 940 నానోమీటర్లవి. మొదటి రకం దూరం వెలిగిస్తుంది కానీ దగ్గరికి వెళ్తే సన్నగా ఎర్రటి నిప్పు కనపడుతుంది. రెండోది అసలు కనపడదు, కానీ సిలికాన్ సెన్సరు దాన్ని తక్కువగా గ్రహిస్తుంది కాబట్టి బొమ్మ మసక. ఎర్రచందనం దొంగలు తిరిగే అడవుల్లో ఆ ఎర్రటి చుక్క కెమెరాకు చావు లాంటిది, మరునాటికి చెట్టు మీద పట్టీ మాత్రమే మిగలొచ్చు. అక్కడ 940 రకమే వాడాలి. పొలం గట్టు మీద అడవిపందుల కోసమైతే 850 చాలు. రెండింటిలోనూ రాత్రి వీడియో నలుపు తెలుపుల్లోనే వస్తుంది. మామూలు వీడియో కెమెరాతో ఈ దీపం కింద తీయాలనుకుంటే కుదరదు. రంగులు సరిగ్గా రావడం కోసం దాని సెన్సరు ముందు పరారుణాన్ని ఆపే అద్దం బిగించి ఉంటుంది. ఆ అద్దాన్ని పక్కకు జరిపే నైట్ మోడ్ ఉన్న హ్యాండీక్యామ్‌లు కొన్ని ఉన్నాయి. పాతవి దొరికితే వదలకండి. తెల్లటి ఫ్లాష్ మాత్రం రాత్రిపిట్టల మీద వాడకండి. కాసేపు వాటికి కళ్లు కనిపించవు. ఒకప్పటి వేటగాళ్లు ఆ లైటుతోనే కదా వాటిని పట్టింది.

కలివి కోడిని వెతకడంలో కెమెరాతో పాటు చెవి కూడా పనికొచ్చింది. సూర్యాస్తమయమైన ముప్పావుగంట తర్వాత, కొన్ని నిమిషాల సేపు మాత్రమే, రెండు స్వరాల చిన్న కూత వేస్తుంది. మన అక్షాంశంలో సంధ్య తొందరగా ముగుస్తుంది కాబట్టి అప్పటికి ఆకాశంలో వెలుతురు దాదాపు మిగలదు. ఆ కూతను రికార్డు చేసి, దాన్ని మళ్లీ వినిపించి, జవాబు వస్తుందా అని పరిశోధకులు చోటు చోటునా వెతికారు. అది అనుమతితో, లెక్క ప్రకారం చేసిన పని. సరదాకు మనం చేయకూడదు, కూత విన్న పిట్ట తన చోటులోకి వేరే పిట్ట వచ్చిందనుకుని గస్తీకి దిగి అలిసిపోతుంది. కానీ వినడానికీ, వచ్చిన కూతను దాచుకోవడానికీ అడ్డులేదు. అందుకే వీడియో కెమెరా కొనేటప్పుడు విడి మైకు గుచ్చుకునే కంత ఉందో లేదో చూడండి. లోపలి మైకు జూమ్ మోటారు గరగరను కూడా రికార్డు చేస్తుంది. మైకుకు బొచ్చుతొడుగు లేకపోతే లంకమల గాలి తప్ప ఇంకేమీ వినపడదు.

ఈ పిట్ట బతకాలంటే పొదలు మరీ దట్టంగా ఉండకూడదు, మరీ పలచబడకూడదు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు మూడు నుంచి ఏడు వందలున్న చోటు దానికి ఇష్టమని జగన్నాథన్ బృందమే తేల్చింది. తెలుగుగంగ కాలువ దారి ఈ పొదల్లోంచి పోవాల్సి ఉండగా, పిట్ట కోసం దారి మార్చారు. ఆ వాదనలో పట్టీల మీది అడుగుల గుర్తులూ, కెమెరా బొమ్మలూ బలమైన సాక్ష్యాలు.

పులి, పల్లకీ

నల్లమల పులుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో కెమెరా పెట్టే పని అటవీశాఖది, దారి చూపేది చెంచు ట్రాకర్లు. పులి చారలు మన వేలిముద్రల్లా దేనివి దానివే. కుడిపక్క చారలకూ ఎడమపక్క చారలకూ పోలిక ఉండదు. అందుకే బాటకు రెండు పక్కలా మోకాలి ఎత్తున ఒక్కో కెమెరా పెడతారు. ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో పడకుండా కాస్త ఎడంగా పెడతారు. 1990ల మొదట్లో నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ గట్టిపరిచిన ఈ లెక్కింపు 2018 నాటి జాతీయ గణనలో 26,838 చోట్లకు విస్తరించి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మూడున్నర కోట్ల ఫోటోలు వస్తే వాటిలో పులివి 76 వేలు. ఉచ్చు కెమెరాతో ఎంత ఓపిక కావాలో ఆ రెండు అంకెల నిష్పత్తే చెబుతుంది.

ఇక పారువేట. అక్కడ దూరం సమస్య కాదు, జనం, దుమ్ము, చప్పుడు. ఒంటిచేత్తో పట్టుకుని నడుస్తూ తీసే చిన్న కెమెరా, బొమ్మ ఊగకుండా ఆపే ఏర్పాటు ఉన్నది, సరిపోతుంది. రాత్రి ఊరేగింపులో ట్యూబులైట్ల కింద తెర మీద నల్లటి పట్టీలు కిందికీ పైకీ పాకుతుంటే కెమెరా పాడైందని కంగారుపడకండి. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులది, దీపం సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది. కెమెరా అమెరికా అలవాటు ప్రకారం 30 లేదా 60 ఫ్రేములకు పెట్టి ఉంటే ఆ రెండు లయలూ కలవవు. 25 లేదా 50 ఫ్రేములకు మార్చి, షట్టర్ యాభయ్యో వంతో నూరో వంతో పెట్టండి. ఈ మార్పు చేసుకునే వీలులేని కెమెరాను మన దేశంలో కొనకూడదు.

ఎండ, దుమ్ము గురించి రెండు ముక్కలు. వేడెక్కేకొద్దీ సెన్సరులో వెలుతురు లేకుండానే పుట్టే విద్యుత్తు పెరుగుతుంది. ఆరేడు డిగ్రీలకు ఒకసారి రెట్టింపవుతుంది. 42 డిగ్రీల ఎండలో నల్లటి చిన్న కెమెరాతో 4కె తీస్తే పావుగంటకే వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు. కెమెరా మీద తడిపిన తెల్లటి తువ్వాలు నీడగా పట్టండి, తగలనివ్వకండి. 4కె వద్దనుకుని 1080కి దిగడం అవమానమేమీ కాదు. సెకనుకు నూరు మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ మింగుతుంది, పల్లెలో కరెంటు లేని రోజు దాన్ని దించుకోవడం కూడా కష్టమే. ఐపీ66 అని రాసి ఉంటే మొదటి ఆరు దుమ్ము దూరదని, రెండో ఆరు గట్టిగా నీళ్లు కొట్టినా తట్టుకుంటుందని అర్థం. సీమలో మొదటి అంకె ముఖ్యం. మార్చుకునే లెన్సులున్న కెమెరా అయితే బాట మీద లెన్స్ విప్పకండి.

కొనేముందు ఒక పని చేయండి. కెమెరాను ఒకరోజు అద్దెకు తెచ్చి మీ చేను గట్టు మీద పొద్దు వాలే వేళ నుంచి గంటసేపు నడపండి. మీ సొంత పొలంలో నెమళ్లు, నక్కలు, జంగుపిల్లి, పందులు ఏవో ఒకటి వస్తాయి. వాటిని తరమకుండా, ఎర పెట్టకుండా తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ కెమెరా మీదైతే చివరి పది నిమిషాల వీడియో చూడగలిగారో అదే మీది. ఎప్పుడైనా లంకమల చుట్టుపక్కల పొద్దుగూకాక రెండు స్వరాల కూత మీ మైకులో పడితే దాన్ని యూట్యూబులో పెట్టకండి, వాట్సాప్ గుంపుల్లో తిప్పకండి. ఫైల్లోని లొకేషనుతో సహా కడప అటవీశాఖ కార్యాలయానికి ఇవ్వండి.